వలసచేపల వంశభేదము

విద్యార్థులారా! ఒకే జాతి చేపలు ఒకే సముద్రమున కలసి మేయుచుండిన, అవి యన్నియు నొక్క వంశమువే యని తలంతుము. అది సరికాదని అట్లాంటికు మహాసముద్రమందలి బ్లూఫిన్ ట్యూనా యను చేప మనకు దెలుపుచున్నది.

ఈ చేప మూడు మీటర్ల పొడవు పెరుగును. 1979 లో కెనడా దేశమున నోవా స్కోషియా తీరమున గాలమునకు జిక్కిన యొకటి 679 కిలోగ్రాములు తూగెను. చాల చేపలవలె గాక, ఇది తన దేహమున వేడిమిని నిలుపుకొనగలదు. అందుచే చల్లని యుత్తర జలములలోను మేయగలదు. గ్రుడ్లు పెట్టుటకు మాత్రము వెచ్చని నీరు వలయును. అట్టి ముఖ్యస్థానములు రెండు: పశ్చిమమున మెక్సికో సింధుశాఖ, తూర్పున మధ్యధరా సముద్రము.

సంతలో పదియూళ్లవారు కలసి తిరిగినను, ప్రొద్దు గ్రుంకువేళ నెవరి యూరికి వారు మరలుదురు గదా! ఈ చేపలును అట్టివే. వానికి యంత్రపు గుర్తులు తగిలించి విడువగా, రెండు వంశములును నడిసముద్రమున కలసి మేయుననియు, గ్రుడ్లు పెట్టుటకు వేర్వేరు తావులకు బోవుననియు తేలినది. బార్బరా బ్లాకు మొదలగు శాస్త్రజ్ఞులు 2005 లో దీనిని ప్రకటించిరి.

తల్లిదండ్రుల లక్షణములను బిడ్డలకు జేర్చునవి జన్యువులు. పెద్దచేపను జూచి దాని జన్మస్థానము చెప్పజాలము గనుక, పుట్టినచోటు విడువని పసిపిల్లలను బట్టి వాని జన్యువులను పోల్చిరి. భేదము కలదు గాని స్వల్పము. ఒకే జన్యువుయొక్క వివిధ రూపములు రెండు చోట్లను గలవు. ఒకచోట నొకరూపము కొంచెము హెచ్చు, వేరొకచోట కొంచెము తక్కువ. కావున నొక్క గుర్తు చాలదు. పెక్కింటిని కలిపి లెక్కింపవలెను. దారి మారిన కొలది చేపలే తరతరమున రెండు వంశములను కలుపుచుండుట ఈ స్వల్పతకు నొక కారణము. అమెరికా తీరమున గ్రుడ్లు పెట్టు మూడవ తావొకటి కలదని 2016 లో ప్రకటింపబడెను. అచ్చటి పిల్లలలో రెండు వంశములును కలసియున్నవి.

దీనివలన ప్రయోజనమేమి? మధ్యధరా వంశము పెద్దది, మెక్సికో వంశము చిన్నది. ట్యూనా చేపల రక్షణకై యేర్పడిన అంతర్జాతీయ సంఘము 1980ల తొలివత్సరములలో 45వ పశ్చిమ రేఖాంశమును సరిహద్దుగా నెంచి, రెండు భాగములకును వేర్వేరు పరిమితులు విధించెను. చేపలు ఆ గీతను దాటుచునే యున్నవి. వల నిండినదని సంతసించి పట్టుచుండిన, పెద్దవంశపు చాటున చిన్నవంశము తెలియకయే తరిగిపోవచ్చును. అందువలననే యా సంఘము 2022 లో ఈ కలయికను లెక్కించు నూతన పద్ధతి నంగీకరించెను.

మీ భూపటమున నా రేఖాంశమును, ఆ రెండు జన్మస్థానములను గుర్తింపుడు. చేపలెన్ని యని మాత్రమే లెక్కించువాడు దేనిని గోల్పోవునో యోచింపుడు.