కథలోకి తుపాకీ వచ్చిన రోజు



శనివారం చివరి పీరియడ్‌లో మన తెలుగు తరగతిలో సాగే కథల ఆట మీలో చాలామందికి తెలిసిందే. బల్ల చుట్టూ ఐదారుగురం కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారిలో ఒకరు విలుకత్తె, ఒకరు వైద్యుడు, ఒకరు దొంగ, ఒకరు మాంత్రికుడు. తన పాత్ర ఏం చేస్తుందో ఎవరికి వారు తెలుగులోనే చెప్పాలి. చేసిన పని ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ తరహా ఆటలకు మూలం. మనం దాని నియమాలను తరగతికి సరిపోయేంతగా కుదించుకున్నాం.

నవంబరులో ఒక కొత్త అబ్బాయి చేరాడు. నాన్నగారికి బదిలీ అయి వచ్చారు. ఇంట్లో తెలుగు వింటాడే గాని, నలుగురిలో మాట్లాడాలంటే తడబడతాడు. మొదటి శనివారమే "నా పాత్రకు తుపాకీ కావాలి" అన్నాడు. విలుకత్తె పాత్ర వేస్తున్న అమ్మాయి ఊరుకోలేదు. "ఏప్రిల్ నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి గురి నేర్చుకున్నాను మేడమ్. నిన్న వచ్చినవాడు తుపాకీ పట్టుకుంటే నా విల్లు ఎందుకు?" అని అడిగింది.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నడి ఏడాదిలో కొత్త బడి గడప తొక్కడం ఎలా ఉంటుందో బదిలీల మీద బతికే మాకు తెలుసు. ఏడాదంతా పడ్డ శ్రమ ఒక్క పూటలో విలువ లేనిదైతే ఎలా ఉంటుందో కూడా తెలుసు. అందుకని రెండు వారాలు ఆట ఆపి, తుపాకీ సంగతి చదువుదాం అనుకున్నాం.

మాటలు ఎక్కడివి?

'తుపాకి' తుర్కీ, పారశీక భాషల మీదుగా మనకు వచ్చిన మాట. 'ఫిరంగి' అంటే మొదట యూరప్ మనిషి; అతను తెచ్చిన ఆయుధానికీ ఆ పేరే నిలిచింది. లోపల పోసే పొడికి మాత్రం మనవాళ్లు 'మందు' అనే పాత మాటనే వాడుకున్నారు. తెలంగాణ పల్లెల్లో కట్టె తుపాకీ భుజాన వేసుకుని కోతలు కోసి నవ్వించే జానపద కళాకారుణ్ణి పిట్టల దొర అనీ, తుపాకీ రాముడు అనీ అంటారు. గొప్పలు చెప్పేవాణ్ణి 'తుపాకీ రాముడు' అనడం మన వాడుకలో ఉన్నదే.

వత్తి తుపాకీ ఎలా పేలుతుంది?

మందులో మూడు వస్తువులుంటాయి: పెట్లుప్పు, గంధకం, బొగ్గు. ఇప్పటి లెక్కలో నూటికి సుమారు 75 పాళ్లు పెట్లుప్పు, 15 బొగ్గు, 10 గంధకం. తొలినాటి తుపాకీకి నిప్పు ఒక తాడు నుంచి వచ్చేది. తాడును పెట్లుప్పు నీళ్లలో నానబెట్టి ఆరబెడితే అది ఆరిపోకుండా నెమ్మదిగా రాజుకుంటూ ఉంటుంది. అదే వత్తి. గొట్టంలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, పక్కనున్న చిన్న పళ్లెంలో మరికాస్త మందు పోసి, గురిపెట్టి మీట నొక్కితే, వత్తి వంగి పళ్లెంలో పడుతుంది. పళ్లెంలోని మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి పాకుతుంది. అప్పుడు పేలుతుంది. తరువాతి కాలంలో వత్తి బదులు చెకుముకి రాయి వచ్చింది.

పై వాక్యంలో 'పోసి, వేసి, దట్టించి, గురిపెట్టి' అన్నవి ఏమిటో గుర్తుపట్టారా? అన్నీ క్త్వార్థకాలే. తుపాకీ నింపడం మొత్తం ఒక పొడవాటి సంశ్లిష్ట వాక్యం. సమాపక క్రియ చివర్లో వస్తుంది. వాన పడితే అసలు రాకపోవచ్చు!

ఒంటరి తుపాకీ లేదు

బాగా తర్ఫీదు పొందినవాడు కూడా నిమిషానికి ఒకటి రెండు సార్లకు మించి పేల్చడం కష్టం. మరి నింపుతున్నంతసేపూ అతన్ని ఎవరు కాపాడాలి? చరిత్రలో ఎక్కడ చూసినా ఈ ప్రశ్నకు ఏదో ఒక జవాబు కనిపిస్తుంది. 1526లో పానిపట్టులో బాబరు బండ్లను తోలు తాళ్లతో ఒకదానికొకటి కట్టించి, తుపాకీవాళ్లను వాటి వెనక నిలిపాడు. 1575లో జపానులోని నాగషినో దగ్గర ఓడా నొబునాగా కొయ్య కంచె కట్టించాడు. యూరప్ సేనల్లో పొడవాటి ఈటెలవాళ్లు తుపాకీవాళ్లకు కాపుగా నిలిచేవారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు పోర్చుగీసు తుపాకీవాళ్లు కోటగోడ మీది కాపలావాళ్లను కొడుతూ ఉంటే, కింద రాయల సైనికులు గోడ రాళ్లను పెకలించారని నూనిజ్ రాశాడు. అక్కడ తుపాకీ ఒక్కటే కోటను గెలవలేదు, గునపం ఒక్కటీ గెలవలేదు.

లెక్క చూద్దాం

2014 నాటి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పుస్తకంలో తుపాకీ దెబ్బకు 12 ముఖాల పాచిక, పెద్ద విల్లుకు 8 ముఖాల పాచిక వేయాలి. తుపాకీ గురి 40 అడుగుల వరకు బాగుంటుంది, విల్లు గురి 150 అడుగుల వరకు. ఆటలో ఒక వంతు 6 సెకన్లు. ప్రతి వంతులోనూ పేల్చవచ్చంటే నిమిషానికి పది గుండ్లు! నిజంలో రెండు కూడా గొప్పే.

కాబట్టి నింపడానికి నాలుగు వంతులు, పేల్చడానికి ఐదో వంతు అనుకున్నాం: 5 × 6 = 30 సెకన్లు. ఇక్కడ కొత్త అబ్బాయి చేయి ఎత్తాడు. 12 ముఖాల పాచిక సగటు 6.5. ఆ ఐదు వంతుల్లో ఐదు బాణాలూ తగిలితే 5 × 4.5 = 22.5. "అయితే తుపాకీ ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు. నిజమే. చరిత్రలో జనం తుపాకీ ఎందుకు పట్టారు? దగ్గరి నుంచి కొడితే గుండు కవచాన్ని కూడా చీల్చగలదు. పైగా మంచి విలుకాడు తయారవడానికి ఏళ్లు పడితే, తుపాకీ పట్టడం కొద్ది వారాల్లో నేర్పవచ్చు. ఈ రెండు గుణాలూ నియమాల్లోకి రావాలి.

మనం రాసుకున్న నియమాలు

1. నాలుగు వంతులు నింపాలి, ఐదో వంతులో పేల్చాలి. నింపే ప్రతి మెట్టునూ ఆటగాడు తెలుగులో పైకి చెప్పాలి.

2. 40 అడుగుల లోపు కవచం లెక్కలోకి రాదు. దెబ్బకు 12 ముఖాల పాచికలు రెండు.

3. 20 ముఖాల పాచికపై 1 లేదా 2 పడితే తుపాకీ పేలదు. వానలో 10 వరకు ఏది పడినా పేలదు.

4. వత్తి వెలుగుతుండగా చీకట్లో దాక్కోలేరు. నిప్పు కనిపిస్తుంది, వాసన వస్తుంది.

5. పేలిన తరువాత ఒక వంతు పొగ. ఎదుట ఏముందో కనిపించదు.

6. కొత్తగా చేరినవారు తుపాకీతో నడిమి మెట్టు నుంచి మొదలుపెట్టవచ్చు. కాని ఆ గురి అక్కడే ఆగుతుంది. విల్లు గురి మెట్టు మెట్టుకూ పెరుగుతుంది.

ఆరో నియమం విలుకత్తె రాసినదే. నడిమి మెట్టు ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు. "మరి అతను మార్చిలోగా మనతో ఆడేదెలా?" అని వైద్యుడు అడిగాక, కాసేపు ఆలోచించి కలం తీసుకుంది.

ఆ శనివారం

కథలో వంతెన మీద ఇనుప కవచం తొడిగిన కాపలాదారు. బాణాలు కవచానికి తగిలి జారిపోతున్నాయి. కొత్త అబ్బాయి లేచి నిలబడ్డాడు. "మందు పోశాను" అన్నాడు. విలుకత్తె బాణం వేసి కాపలాదారును వంతెన దాటకుండా ఆపింది. "గుండు వేశాను." మరో బాణం. "కడ్డీతో... కడ్డీతో..." ఆగిపోయాడు. "దట్టించాను" అని పక్కనుంచి ఎవరో అందించారు. "దట్టించాను. పళ్లెంలో మందు పోశాను." నలుగురి ముందు అతను ఆగకుండా తెలుగు మాట్లాడటం అదే మొదటిసారి.

పాచిక వేశాడు. 2 పడింది. తుపాకీ పేలలేదు.

గది నిశ్శబ్దమైంది. అతని ముఖం చిన్నబోయింది. అప్పుడు విలుకత్తె, "మళ్లీ నింపు. నాలుగు వంతులు నేను చూసుకుంటాను" అంది. అంతలో గంట కొట్టారు. వంతెన దగ్గరి కథ వచ్చే శనివారానికి వాయిదా పడింది.

అభ్యాసం

1. తుపాకీ నింపే విధానాన్ని క్త్వార్థకాలతో ఒకే సంశ్లిష్ట వాక్యంగా రాయండి. తరువాత దాన్నే సామాన్య వాక్యాలుగా విడగొట్టండి.

2. 20 ముఖాల పాచికపై తుపాకీ పేలకపోయే అవకాశం మామూలు రోజున నూటికి ఎంత? వానలో ఎంత?

3. మీ కథలోకి ఒక కొత్త వస్తువు వస్తే (గడియారం, అచ్చుయంత్రం, దుర్భిణి ఏదైనా సరే) ఎవరికి మేలు? ఎవరి శ్రమ విలువ తగ్గుతుంది? ఇద్దరూ ఆటలో నిలిచేలా మూడు నియమాలు రాయండి.