రంగు మారితే రోగం తెలుస్తుందా?

మీ ఇంట్లో చాలాకాలంగా షుగర్ ఉన్న పెద్దవారుంటే అడిగి చూడండి. గ్లూకోమీటర్లు రాకముందు మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంలో వేసి కాచేవారు. చక్కెర లేకపోతే నీలంగానే ఉండేది. ఉంటే ఆకుపచ్చ, పసుపు, బాగా ఎక్కువైతే ఇటుక ఎరుపు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, కన్ను చాలు. క్యాన్సర్‌ను కూడా ఇలా పట్టుకోగలమా?

2019లో అమెరికాలోని ఎం.ఐ.టి., లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఎలుకలపై ఈ ప్రయత్నమే చేశారు. అతి సూక్ష్మమైన బంగారు రేణువులను ఒక ప్రోటీన్‌కు పెప్టైడ్ పోగులతో కట్టి, పెద్దపేగు క్యాన్సర్ కణితులున్న ఎలుకలకు ఇంజెక్షన్ ఇచ్చారు. కణితి తన చుట్టూ ఉన్న కణజాలాన్ని తెంచుకుంటూ పాకడానికి కొన్ని ఎంజైములను వాడుకుంటుంది. ఆ ఎంజైములే ఈ పోగులనూ తెంచాయి. విడిపోయిన రేణువులు 2 నానోమీటర్ల కంటే చిన్నవి కనుక మూత్రపిండాల వడపోతను దాటి మూత్రంలోకి వచ్చేశాయి. ఆ మూత్రంలో హైడ్రోజన్ పెరాక్సైడ్, మరో రసాయనం కలపగానే నీలం రంగు తేలింది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల మూత్రం అలా మారలేదు.

చదవడానికి ముచ్చటగా ఉంది కదూ! కాని ఇది ఎలుకల సంగతి. పైగా వాపు, మానుతున్న పుండు ఉన్నచోట కూడా అటువంటి ఎంజైములు పెరుగుతాయి. మనుషుల్లో ఈ తేడా పట్టుకోవడం అంత తేలిక కాదు.

నిజానికి పెద్దపేగుకు నీలి రంగు పరీక్ష పాతదే. గ్వాయాక్ అనే చెట్టు బంక పట్టించిన కాగితంపై కొంచెం మలం పూసి, పెరాక్సైడ్ చుక్క వేస్తారు. కంటికి కనిపించని రక్తం అందులో ఉంటే కాగితం నీలమవుతుంది. మొలలున్నా, కడుపులో పుండున్నా, ముందురోజుల్లో వేట మాంసం తిన్నా నీలం రావచ్చు. అందుకే నీలం వచ్చినవారికి కొలనోస్కోపీ చేసి చూస్తారు.

స్త్రీలకు ఇంకా సులువైన పరీక్ష ఉంది. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే వంటింటి వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, గర్భాశయ ముఖద్వారానికి దూదితో అద్ది ఒక నిమిషం ఆగుతారు. మార్పు చెందిన కణాలున్నచోట తెల్లని మచ్చ తేలుతుంది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు సుమారు లక్షన్నర మంది స్త్రీలతో సాగించిన అధ్యయనంలో, డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేశారు. ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో ప్రచురించారు.

"నాకే బాధా లేదు, నాకెందుకమ్మా ఈ పరీక్ష?" అని చాలామంది అంటారు. బాధ లేనప్పుడు చేసే పరీక్షే ఇది. తెల్లమచ్చ కనబడితే క్యాన్సర్ అని భయపడకండి. ఇన్ఫెక్షన్ వల్లా రావచ్చు. క్యాన్సర్‌కు ముందు దశ అయితే అప్పుడే చిన్న చికిత్సతో తొలగించవచ్చు. మెనోపాజ్ తర్వాత చూడవలసిన భాగం లోపలికి జరుగుతుంది కనుక, ఆ వయసువారికి డాక్టరు వేరే పరీక్ష చెప్పవచ్చు.

ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలు అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. బహిష్టు రోజుల్లో కాకుండా రండి. గర్భవతి అయితే ముందే నర్సుకు చెప్పండి. మత్తు ఇవ్వరు, కోత ఉండదు, కాస్త చురుక్కుమంటుంది, అంతే.