నూడుల్స్ కేలరీలు: కాటా చెప్పే లెక్క

పోల్చాలనుకున్న ప్యాకెట్లన్నీ వరుసగా పెట్టుకోండి: మైదా హక్కా నూడుల్స్, బియ్యపు నూడుల్స్, ఇన్‌స్టంట్ రకం. పాయసానికి తెచ్చిన సేమియా ఉంటే అదీ పెట్టండి, అది కూడా ఆ కుటుంబమే. ప్యాకెట్ వెనక పట్టికలో ‘ఒక సర్వింగ్’ గడి జోలికి పోవద్దు. సర్వింగ్ అంటే ఎంతో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 100 గ్రాముల గడి ఒక్కటే చూసి రాసుకోండి.

మైదాదైనా బియ్యానిదైనా ఎండు నూడుల్స్ 350-370 కేలరీల దగ్గరే తేలతాయి. బియ్యపువి తేలికనుకునేవాళ్లకు ఇది రుచించకపోవచ్చు గానీ, పిండిపదార్థం ఏ గింజదైనా గ్రాముకు 4 కేలరీలే. ఇన్‌స్టంట్ రకం మాత్రం 430-450 దాకా పోతుంది. కారణం నూనె. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆందో తెచ్చిన పద్ధతి ఇది: ఆవిరి మీద ఉడికించిన పోగులను కాగే నూనెలో వేస్తే లోపలి నీరు ఎగిరిపోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వేడినీళ్లు పోయగానే మెత్తబడేది వాటివల్లే. కానీ కొంత నూనె కూడా అక్కడే ఉండిపోతుంది, గ్రాము కొవ్వుకు 9 కేలరీలు. పట్టికలో కొవ్వు పది గ్రాములు దాటిందంటే దాదాపుగా వేయించిన రకమే. ఒకటి రెండు గ్రాములే ఉంటే ఆరబెట్టినది.

ఇక కాటా. 350 కేలరీల రకం ఎండువి 80 గ్రాములు తూచండి. అంటే 280 కేలరీలు. ఉడికించి, వార్చి, నీళ్లు బాగా ఓడ్చి మళ్లీ తూచండి. 200 గ్రాములు వచ్చిందనుకుందాం. ఉడికిన 100 గ్రాములకు 140 అన్నమాట. ఇంకాస్త ఉడికిస్తే నీరు పీల్చి బరువు పెరుగుతుంది, ఆ 140 ఇంకా తగ్గుతుంది. ప్లేటులో ఉన్నవి మాత్రం అవే 280. ఒకదాని ఎండు లెక్కను ఇంకొకదాని ఉడికిన లెక్కతో పోల్చడం వల్లే సగం గందరగోళం.

జపాన్ వాళ్ల షిరాటాకి సంగతి వేరు. మన కందకు దగ్గరి చుట్టమైన కోంజాక్ దుంప పిండితో చేస్తారు. దాదాపు అంతా నీరే, 100 గ్రాములకు పది కేలరీల చుట్టుపక్కల. తడిగానే అమ్ముతారు కాబట్టి ఉడికిన వాటితోనే పోల్చాలి. దానికంటూ రుచి పెద్దగా ఉండదు, వేసిన సాస్‌దే రుచి.

చివరిగా బాణలి. టేబుల్ స్పూన్ నూనెకు దాదాపు 120 కేలరీలు. రెండు స్పూన్లు పోస్తే రకాల మధ్య మీరు పట్టుకున్న తేడా అంతా అందులో కొట్టుకుపోతుంది. అందుకే నూనె సీసాను వంటకు ముందోసారి, తర్వాతోసారి కాటా మీద పెట్టి, తేడాను లెక్కలో కలపండి.