ఇంటి పాడి – ఇంటి పెరుగు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంత గ్రామములు హైదరాబాదు నగరమునకు చేరువలోనివి. ఇచ్చటి పాలు, కూరగాయలు తెల్లవారకమునుపే నగరమునకు తరలుచున్నవి. రాబడి మంచిదే. కాని, పాలన్నియు క్యానులో వెడలిపోయిన ఇంట పసిబిడ్డకు మిగులునదేమి? ఈ ప్రశ్నను పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము.

అమ్ముటకు ముందే అర్ధలీటరు పాలు ఇంటికి తీసియుంచవలెను. వానిని పొంగువరకు కాచి, గోరువెచ్చనైన పిమ్మట చెంచాడు తోడు వేసి, మూతపెట్టి కదల్పకుండ ఉంచవలెను. తోడులోని సూక్ష్మజీవులు పాలచక్కెరలో కొంత ఆమ్లముగా మార్చును. కనుకనే పాలు సరిపడని పెక్కుమందికి పెరుగు సరిపడును. కళాయిలేని రాగి, ఇత్తడి పాత్రలలో పెరుగు నిలువ ఉంచరాదు.

ఉదయము జొన్నగట్కలోనో అంబలిలోనో చల్ల కలుపుకొనవచ్చును. మధ్యాహ్నము దోసకాయతోనో సొరకాయతోనో పెరుగుపచ్చడి చేయవచ్చును. బడినుండి వచ్చిన పిల్లలకు నానిన అటుకులలో పెరుగు కలిపి, తాలింపు వేసి పెట్టవచ్చును. పులిసినది చల్లచారునకు పనికివచ్చును. వెన్న తీసిన చల్లలోను మాంసకృత్తులు, కాల్షియము మిగిలియుండును, దానిని పారబోయరాదు. ఆరునెలలు నిండిన శిశువునకు తల్లిపాలతోపాటు మెత్తని పెరుగన్నము పెట్టవచ్చును.

పాడిలేని కుటుంబములను మరువరాదు. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలలో భోజనముతోపాటు పాలు ఇచ్చుటకై ఆరోగ్యలక్ష్మి పథకము 2015లో ఆరంభమైనది. అర్హులందరును కేంద్రమునకు వచ్చుచున్నారో లేదో సభ్యులు స్వయముగా విచారింపవలెను.

ఈ మాట గ్రామసభలో చెప్పుడు. అంతకుముందు మీ యింట ఒక గిన్నె తోడు పెట్టించుడు.