ముఖానికి ఫిల్లర్ సూది: వాపు, చికిత్స, ఉజూ

ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత ఒక సోదరి మాకు ఫోన్ చేశారు. ఆమె అక్క కూతురికి నాలుగు రోజుల్లో నికాహ్. ఆ అమ్మాయి ఇంట్లో చెప్పకుండా స్నేహితురాలితో వెళ్ళి పై పెదవికి ఫిల్లర్ ఇంజెక్షన్ చేయించుకుంది. మూతి వాచిపోయింది. "భాయ్ సాబ్, ఇది హరామే కదా? ఇప్పుడు దీని ఉజూ అవుతుందా, నమాజు చెల్లుతుందా?" అని ఆ సోదరి అడిగారు. మాకు తెలిసినంతలో సమాధానం చెప్పాము. అలంకరణకు షరీఅత్ పెట్టిన హద్దులు, నియ్యత్, తౌబా గురించి పావుగంట మాట్లాడాము. నొప్పి ఎలా ఉంది, పెదవి ఏ రంగులో ఉంది అని మాత్రం అడగలేదు.

తెల్లవారాక అసలు సంగతి తెలిసింది. పెదవి ఒకవైపు సాయంత్రమే తెల్లగా పాలిపోయింది. రాత్రికి ముక్కు పక్క దాకా వల అల్లినట్టు నీలి మచ్చలు వచ్చాయి. ఇంట్లో అందరూ తిడుతుంటే ఆ పిల్ల నొప్పి సంగతి చెప్పలేక దుప్పటి కప్పుకుని పడుకుంది. ఫజర్ వేళకు ఏడుస్తూ తల్లిని లేపింది. ఆస్పత్రిలో డాక్టరు మందు సూదితో ఆ ఫిల్లరును కరిగించారు. అల్లాహ్ దయతో పెదవి దక్కింది, చిన్న మచ్చ మాత్రం మిగిలింది. ఆ రాత్రి మేము చేసిన పొరపాటు వల్లనే ఈ పాఠంలో ముందు శరీరం సంగతి, ఆ తర్వాత ధర్మాదేశాలు రాస్తున్నాము.

ఫిల్లర్ అంటే చర్మం కింద ఖాళీని నింపే జెల్లీ లాంటి పదార్థం. ముఖంలో ఏదో ఒకటి ఎక్కించి నింపే ప్రయత్నం కొత్తది కాదు. 1893లో జర్మనీలో ఒక వైద్యుడు రోగి చేతి కొవ్వునే తీసి ముఖంలోని గుంతకు వాడాడు. ఆ తర్వాత కొందరు పారఫిన్ మైనం ఎక్కించి ఎందరి ముఖాలనో పాడు చేశారు. 1981లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్.డి.ఏ. ఆవు చర్మం నుండి తీసిన కొల్లాజెన్‌కు అనుమతి ఇచ్చింది. నేడు ఎక్కువగా వాడేది హయలురోనిక్ ఆమ్లం. దీన్ని 1934లో ఆవు కంటిలోని ద్రవం నుండి మొదటిసారి వేరు చేశారు. మన చర్మంలో, కీళ్ళలో, కళ్ళలో అల్లాహ్ సహజంగానే ఉంచిన పదార్థం ఇది. దీనితో తయారైన ముఖపు ఫిల్లరుకు ఎఫ్.డి.ఏ. 2003లో అనుమతి ఇచ్చింది.

ఈ పదార్థానికి నీటిని లాగి పట్టుకునే గుణం ఉంది. వాపులో సగం రహస్యం ఇదే. సూది గుచ్చిన గాయానికి శరీరం సహజంగా వాస్తుంది. దానికి తోడు లోపలి జెల్లీ చుట్టుపక్కల నీటిని పీల్చుకుంటుంది. అందుకే చేయించుకున్న రోజు కంటే మరునాడు ఉదయం ముఖం ఎక్కువ ఉబ్బి కనబడుతుంది. సాధారణంగా మొదటి రోజు నుండి మూడో రోజు వరకు వాపు హెచ్చుగా ఉండి, వారం లోపు చాలా మటుకు దిగిపోతుంది. కమిలిన నలుపు వారం నుండి రెండు వారాలు ఉండవచ్చు. అసలు ఆకారం రెండు వారాలకు గాని తేలదు. పెదవులలో రక్తనాళాలు ఎక్కువ కాబట్టి అవి బాగా ఉబ్బుతాయి. కంటి కింద చర్మం పలుచన కాబట్టి అక్కడి వాపు కొందరిలో వారాల తరబడి నిలుస్తుంది. నాలుగు రోజుల్లో పెళ్ళి పెట్టుకుని ఈ పనికి పోవడం, షరీఅత్ మాట అలా ఉంచినా, తెలివైన పని కాదు.

మొదటి రెండు రోజులు మంచుముక్కను బట్టలో చుట్టి కొద్ది నిమిషాలు ఆనించి తీయాలి, నేరుగా చర్మంపై పెట్టరాదు. రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా, వెల్లకిలా పడుకోవాలి. పొయ్యి సెగ, ఆవిరి పట్టడం, బరువులు ఎత్తడం మానుకోవాలి. డాక్టరు చెప్పనిదే రుద్దరాదు, నొక్కరాదు. నిఖాబ్ వేసుకునే సోదరీమణులు వాపు మీద బిగించి కట్టకుండా వదులుగా వేసుకోవాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కమిలిన నలుపును పెంచుతాయి. అయితే గుండె జబ్బు కోసం డాక్టరు రాసిచ్చిన మాత్రను ఎవరూ సొంతంగా ఆపకూడదు.

మన ఇళ్ళలో వాపు అనగానే కలోంజీ నూనె సీసా బయటికి వస్తుంది. కొందరు పసుపు నూరి పట్టిస్తారు, ఒకరైతే హిజామా చేయించమని సలహా ఇచ్చారు. కలోంజీ మీద, హిజామా మీద మాకూ గౌరవం ఉంది. కాని పచ్చి సూది రంధ్రాల మీద ఏ పూతా పూయరాదు, జెల్లీ ఉన్న చోట కప్పు పెట్టి లాగరాదు. చికిత్స చేయించుకోమన్న దైవప్రవక్త (స), వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని కూడా హెచ్చరించారు.

ఇప్పుడు అసలు భయపడవలసిన సంగతి. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్ళినా, నాళాన్ని బయటి నుండి నొక్కినా అక్కడి చర్మానికి రక్తం అందదు. అప్పుడు మామూలు వాపును మించిన నొప్పి పుట్టి పెరుగుతూ పోతుంది. చర్మం తెల్లబడుతుంది, చల్లబడుతుంది, తర్వాత వల లాంటి నీలి ఎరుపు మచ్చలు వస్తాయి. వేలితో నొక్కి వదిలితే రంగు ఆలస్యంగా తిరిగి వస్తుంది. ఒక్కోసారి నొప్పి అంతగా లేకపోయినా రంగు మారుతుంది, దాన్నీ తేలికగా తీసుకోరాదు. హయలురోనిడేజ్ అనే మందు హయలురోనిక్ ఫిల్లరును కరిగిస్తుంది. ఎంత త్వరగా ఇస్తే చర్మం అంత దక్కుతుంది. చూపు మసకబారినా, కంటిలో నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆగకుండా పెద్ద ఆస్పత్రికి పరుగెత్తాలి. కంటి నాళం మూసుకుపోతే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఇది అరుదే, కాని జరిగింది. నాలుక, గొంతు వాచి ఊపిరి ఆడకపోతే అది అలర్జీ, అదీ అత్యవసరమే. రెండు మూడు రోజుల తర్వాత వాపు తగ్గడానికి బదులు ఎర్రబడి, వేడెక్కి, చీము పట్టి, జ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్.

కరిగించే మందు అన్ని ఫిల్లర్లకూ పనిచేయదు. కాల్షియంతో చేసినవి, సిలికాన్ వంటివి దానికి కరగవు. కాబట్టి చేయించుకున్నవారు డబ్బా మీది లేబులును అడిగి తీసుకుని దాచుకోవాలి. నెలల తర్వాత కూడా జలుబు, పంటి చికిత్స, టీకా వంటి వాటి వెనుక ఆ చోటు మళ్ళీ వాచవచ్చు. 2020 డిసెంబరులో కోవిడ్ టీకా పరీక్షలలో ఫిల్లర్లు ఉన్న ఇద్దరు ముగ్గురిలో ముఖం, పెదవులు ఇలా వాచినట్లు బయటపడింది. అది టీకాకు భయపడవలసిన విషయం కాదు, డాక్టరుకు పాత సంగతి దాచకూడదని తెలిపే విషయం. ఇక బ్యూటీ పార్లరులో సూది లేని పెన్నుతో ఎక్కిస్తామనే వారి జోలికి పోనే పోవద్దు. ఆ పెన్నుల గురించి ఎఫ్.డి.ఏ. 2021లోనే హెచ్చరించింది.

ధర్మాదేశానికి వద్దాము. అజ్ఞాన కాలం నాటి కులాబ్ యుద్ధంలో హజ్రత్ అర్ఫజా (రజి) ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన వేసింది. మగవారికి బంగారం నిషిద్ధమైనా, బంగారు ముక్కు పెట్టించుకోమని దైవప్రవక్త (స) ఆయనకు చెప్పారు. లోపాన్ని సరిచేసుకోవడం సృష్టిని మార్చడం కాదని ధర్మవేత్తలు దీని నుండి గ్రహించారు. మరోవైపు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు ఉంది. పచ్చబొట్లు పొడిపించుకునేవారిని, అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునేవారిని అందులో శపించడం జరిగింది. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఈ రెండు అంచుల మధ్యనే తీర్మానం చేసింది. పుట్టుకతో వచ్చిన లోపానికి, ప్రమాదం, జబ్బు, కాలిన గాయం మిగిల్చిన వికారానికి శస్త్రచికిత్స సమ్మతం. సహజమైన రూపాన్ని కేవలం మనసు కోరికతో మార్చుకోవడం సమ్మతం కాదు. హెచ్.ఐ.వి. మందుల వల్ల బుగ్గలు పీక్కుపోయిన రోగుల కోసమే 2004లో ఒక రకం ఫిల్లరుకు అమెరికాలో అనుమతి దొరికింది. ఆ రోగిని, మన పెళ్ళికూతురిని ఒకే గాటన కట్టలేము. ప్రతి ఒక్కరూ తమ సంగతి పూర్తిగా చెప్పి తెలిసిన ఆలిమును అడగాలి.

సౌదీ అరేబియాలో ఒంటెల అందాల పోటీ జరుగుతుంది. 2018లో బొటాక్స్ సూదులు వేయించారని 12 ఒంటెలను, 2021లో ఇలాంటి మోసాలకే 40కి పైగా ఒంటెలను పోటీ నుండి తొలగించారు. ఒంటె పెదవి విషయంలో మోసం తెలిసిన మనం పెళ్ళిచూపుల దగ్గర మాత్రం కళ్ళు మూసుకుంటాము. మోసం చేసి కట్టబెట్టే నికాహ్ గురించి ఫిఖ్హ్ గ్రంథాలలో చాలా చర్చ ఉంది, దాన్ని మరోసారి చూద్దాము.

పదార్థం ఎక్కడిదనే ప్రశ్న కూడా వస్తుంది. హయలురోనిక్ ఆమ్లాన్ని ఒకప్పుడు కోడిపుంజు జుట్టు నుండి తీసేవారు, ఇప్పుడు ఎక్కువగా బాక్టీరియాను పులియబెట్టి తీస్తున్నారు. పంది కొల్లాజెన్‌తో చేసిన ఫిల్లర్లు కూడా ఉండేవి. కాబట్టి పేరు అడగడం అవసరం.

ఫిల్లర్ చర్మం లోపల ఉంటుంది, నీటిని అడ్డుకోదు, కనుక ఉజూ అవుతుంది. సూది రంధ్రం నుండి రక్తం కారితే హనఫీ మతం ప్రకారం ఉజూ భంగమవుతుంది, షాఫయీ మతం ప్రకారం కాదు. ముఖాన్ని రుద్దకుండా మెల్లగా నీళ్ళు పోసుకుంటే చాలు. ఫలానా చోట నీరు తగిలితే హాని అని డాక్టరు చెబితే అక్కడ తడిచేతితో మసహ్ చేయాలి. పెదవి వాపు సజ్దాకు అడ్డం కాదు, నుదుటికి సూది పడి ఆనించలేకపోతే సైగతో చేయవచ్చు. రోజా విషయంలో, పోషణ ఇవ్వని ఇంజెక్షన్లతో ఉపవాసం భంగం కాదని అదే అకాడమీ 1997లో జిద్దా సమావేశంలో తీర్మానించింది. పెదవి నుండి నోటిలోకి వచ్చిన రక్తాన్ని మింగకుండా ఉమ్మివేయాలి. పైన చెప్పిన ప్రమాద లక్షణాలు కనబడి మందు మింగవలసి వస్తే రోజా విడిచి తర్వాత ఖజా చేసుకోవాలి, ఇఫ్తార్ దాకా చూద్దామని కూర్చోరాదు.

ఆ అమ్మాయి నికాహ్ మూడు వారాలు వాయిదా పడింది. అబ్బాయి తల్లికి కారణం చెప్పాలా వద్దా అని ఆ సోదరి మళ్ళీ మాకు ఫోన్ చేశారు. చెప్పమన్నాము. అంతా విని ఆవిడ మొదట అడిగిన మాట, "బేటీకి నొప్పి తగ్గిందా?" అనట.