గుర్తున్నప్పుడే అడగండి



ఈ పాఠం డిమెన్షియా వచ్చిన మన ఇంటి మనిషి గురించి. ఆ మనిషికి వచ్చే ఏడాది ఏం కావాలి, ఐదేళ్ల తర్వాత ఏం కావాలి అన్నది ఇవాళే ఎలా ఆలోచించుకోవాలో చూద్దాం.

మన మధురవాడలో ఏ వీధిలో అడిగినా "మా మావయ్యకి చాదస్తం ఎక్కువైపోయిందండి" అనే ఇల్లు ఒకటి తగులుతుంది. చాదస్తం వేరు, డిమెన్షియా వేరు. చాదస్తం మనిషి స్వభావం, డిమెన్షియా మెదడుకి వచ్చే జబ్బు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మర్చిపోవడం అందరికీ ఉన్నదే. తాళంచెవి చేతిలో పట్టుకుని ఇది దేనికి అని అడిగితే మాత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా కట్టింది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో, పట్నాల కంటే పల్లెల్లో, చదువుకున్నవాళ్ల కంటే చదువు లేనివాళ్లలో ఎక్కువ. బడి గడప తొక్కనివ్వని తరం మన అమ్మమ్మలది, నాయనమ్మలది. ఈ లెక్క ఎవరి ఇళ్ల గురించి చెబుతోందో వేరే వివరించక్కర్లేదు.

ముందు పరీక్షలు చేయించండి. బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, దిగులు జబ్బు పట్టినా, ఎప్పుడో పడినప్పుడు తలలో రక్తం గడ్డకట్టినా మనిషి ఇలాగే మతి తప్పినట్టు ఉంటాడు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో తికమక పడిపోతే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఆలస్యం చేయకూడదు. కేజీహెచ్‌లోనో, చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో చూపించవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అన్నీ చూశాక డిమెన్షియానే అని తేలితే, చాలా రకాలకి నయం చేసే మందు ఇప్పటికి లేదు. కొందరికి లక్షణాలు కొంతకాలం అదుపులో ఉంచే మందులు మాత్రం ఉన్నాయి. ఇది ఏళ్ల తరబడి నడిచే జబ్బు. కాబట్టి మనకి దొరికేది ఒక్కటే: మొదటి దశలో, మనిషి ఇంకా తన మాట తాను చెప్పగలిగే కొంత సమయం.

ఆ సమయాన్ని మన ఇళ్లలో ఎక్కువగా ఏం చేస్తాం? దాచిపెడతాం. "నాన్నకి చెప్పకండి, బెంగ పెట్టుకుంటాడు" అంటాం. పెద్దకొడుకు, అల్లుడు, బావ కూర్చుని పెద్దాయన రేపటి గురించి మాట్లాడుకుంటారు. పెద్దాయన మాత్రం పక్కగదిలో టీవీ చూస్తూ ఉంటాడు.

అంగుత్తర నికాయంలో నకులమాత కథ మీలో చాలామంది వినే ఉంటారు. భర్త నకులపితకి జబ్బు ముదిరింది. మనసులో బెంగతో పోవద్దు అని ఆమె ఆయనకి చెప్పింది. నేను పోతే పిల్లల్ని ఎవరు సాకుతారు, ఇల్లు ఎలా గడుస్తుంది అని నీకు ఉండొచ్చు, నాకు పత్తి వడకడం వచ్చు, ఉన్ని దువ్వడం వచ్చు, సంసారం నడుపుతాను అంది. అలా ఆయన మనసులో ఉండగల ఆరు బెంగల్ని ఒక్కొక్కటే పైకి తీసి, ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. ఆయన తేరుకుని, కర్ర పట్టుకుని బుద్ధుడి దగ్గరికి వెళ్తే, ఇలాంటి సలహాదారు దొరకడం నీ అదృష్టం అన్నాడు భగవానుడు. ఈ కథని మనవాళ్లు సాధారణంగా పతిభక్తి కథలా చెప్పేస్తుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. ఆమె జబ్బు మనిషికి తెలియకుండా ఏదీ దాచలేదు. పైగా మొదట ఎత్తిన మాటే ఇల్లు గడవడం గురించి, డబ్బు గురించి.

కాబట్టి అడగండి. అందర్నీ పిలిచి పంచాయితీ పెట్టినట్టు కాదు. పొద్దున్న టీ తాగాక, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక్క ప్రశ్న చాలు. సాయంత్రాలు వద్దు, చాలామందికి పొద్దు వాలే వేళ తికమక ఎక్కువవుతుంది. ఎవరింట్లో ఉండాలని ఉంది? స్నానం ఎవరు చేయిస్తే సిగ్గు పడకుండా ఉండగలవు? డబ్బు విషయం ఎవరి చేతికి ఇస్తే నమ్మకం? ఆసుపత్రిలో మిషన్ల మీద ఉంచాల్సి వస్తే ఏమంటావు? చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసుకుని తేదీ వేయండి. ఫోన్లో వీడియో తీసినా మంచిదే.

మా కాలనీలో పోర్టులో కలాసీగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉన్నారు. పిల్లలు ఆయన్ని శ్రీకాకుళం వైపు సొంతూరికి పంపేద్దామని అనుకున్నారు. ఊళ్లో అయితే ప్రశాంతంగా ఉంటాడని వాళ్ల లెక్క. అడిగితే ఆయన ఏమన్నాడంటే, "ఊళ్లో నాకెవరున్నార్రా? నేను ఊరొదిలి యాభై ఏళ్లయింది. నా స్నేహితులంతా ఇక్కడే, ఇక్కడే ఉంచండి." పిల్లలు మంచివాళ్లే, ప్రేమతోనే అనుకున్నారు. అయినా అడగకపోతే ఆ మాట వాళ్లకి తెలిసేది కాదు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటి ఉంది. "జీపీఏ రాయించేసుకున్నాం, ఇంక బెంగ లేదు" అంటారు. మన దేశంలో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఆ పవర్ కూడా పోతుంది. సరిగ్గా అవసరం పడే రోజుకి అది చెల్లదు. ఆ తర్వాత సంరక్షకుడిగా నియమించమని కోర్టుకి వెళ్లాల్సిందే. అందుకని ముందే చేసుకోవాల్సినవి చేసుకోండి. బ్యాంకు ఖాతాని ఇద్దరిలో ఎవరైనా నడిపేలా జాయింటుగా మార్చండి. నామినీల పేర్లు సరిచూడండి. పెన్షన్ ఉంటే ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఎవరు చూసుకుంటారో అనుకోండి. వీలునామాకి ఇద్దరు సాక్షులు కావాలి, రిజిస్టరు తప్పనిసరి కాదు. కానీ ఆ రోజున మనిషి తెలివితో ఉన్నాడని డాక్టరు రాసిచ్చిన కాగితం జత చేస్తే రేపు తగాదా తగ్గుతుంది. ఇల్లు గిఫ్టుగా రాసేవాళ్లు మాత్రం "నన్ను చూసుకోవాలి" అన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించాలి. షరతు రాసి ఉంటే, చూసుకోని పక్షంలో 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయమని ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. నోటిమాట షరతుని నిరూపించడం కష్టం.

సిగాలోవాద సుత్తంలో తల్లిదండ్రులు పిల్లలకి చేయాల్సిన ఐదు పనుల్లో చివరిది, తగిన సమయంలో ఆస్తి అప్పగించడం. "తగిన సమయంలో" అన్న మాట గమనించండి. మరీ ముందు రాసిస్తే పెద్దవాళ్లు వీధిన పడ్డ ఇళ్లు మనం చూశాం. మరీ ఆలస్యం చేస్తే, ఏం రాశారో తెలియని మనిషి బొటనవేలికి ఇంకు పూసి ముద్ర వేయించుకునే ఇళ్లూ చూశాం. ఆ రెండోది పంచశీలలో రెండో శీలాన్ని నేరుగా తప్పడమే. ఇవ్వనిది తీసుకోవడమంటే దొంగతనం ఒక్కటే కాదు, ఇవ్వగలిగే స్థితిలో లేని మనిషి దగ్గర తీసుకోవడం కూడా.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో దారి ఇచ్చింది. జ్ఞాపకశక్తికి, కాలం స్థలం తెలియడానికి సంబంధించిన తీవ్రమైన లోపాలు కూడా అందులోని నిర్వచనంలోకి వస్తాయి. నా వైద్యం విషయంలో నా తరఫున మాట్లాడేది ఫలానా మనిషి అని తెల్ల కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఇంట్లో అన్నదమ్ములు నలుగురు ఉంటే ఈ కాగితం విలువ మీకే తెలుస్తుంది.

మధ్య దశ అన్నింటికంటే కష్టం. "నా డబ్బు కోడలు దొంగిలించింది" అంటారు. భార్యని చూసి ఎవరు నువ్వు అంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చొక్కా వేసుకుని డ్యూటీకి బయల్దేరతారు. వినయ పిటకంలో గగ్గుడు అనే భిక్షువు ఉన్నాడు. మతి చలించిన మనిషి. ఉపోసథం ఒక్కోసారి గుర్తుండేది, ఒక్కోసారి ఉండేది కాదు. ఒకసారి వచ్చేవాడు, ఒకసారి రాడు. సంఘం అతన్ని వెళ్లగొట్టలేదు. బుద్ధుడి మాట మీద సంఘం అంతా కూర్చుని ముందుగానే ఒక ఒప్పందం చేసుకుంది: గగ్గుడికి గుర్తున్నా లేకపోయినా, వచ్చినా రాకపోయినా, సంఘం తన పని తాను చేసుకోవచ్చు, అందులో దోషం లేదు. మతి తప్పినప్పుడు చేసిన పనులకి అతన్ని నిందిస్తుంటే దాన్నీ ఆపించారు. రెండున్నర వేల ఏళ్ల కిందటి ఈ ఏర్పాటు మన ఇంటికి అతికినట్టు సరిపోతుంది. పెద్దాయన అన్న మాటకి లెక్క వేయకూడదు. "నేను తియ్యలేదు" అని వాదించకుండా "రా మావయ్యా, ఇద్దరం వెతుకుదాం" అనండి. ఈ సంగతి ఇంట్లో పిల్లలకి కూడా ముందే చెప్పి ఉంచండి, తాత తిట్టాడని బెంగపడకుండా.

మన పక్కనే హైవే ఉంది, అది మర్చిపోకండి. ఇల్లు దాటిన మనిషి కార్‌షెడ్ జంక్షన్‌లో రోడ్డు దాటినా ప్రమాదమే, 222 ఎక్కి ఎటో వెళ్లిపోయినా ప్రమాదమే. చొక్కా జేబు లోపల ఫోన్ నంబరు కుట్టండి. ఆటోస్టాండు వాళ్లకి, కిరాణా కొట్టు వాళ్లకి, పాలబ్బాయికి చెప్పి ఉంచండి. పరువు పోతుందని దాచితే ఆపేవాళ్లు ఉండరు. ఈమధ్య తీసిన ఫొటో ఒకటి ఫోన్లో ఉండాలి. కనపడకపోతే సాయంత్రం దాకా చూడకుండా వెంటనే 112కి చెప్పండి.

ఇక చూసుకునేది ఎవరు? చాలా ఇళ్లలో కోడలో, కూతురో. ఎవరూ ఆమెని అడగరు, ఆమె మీద పడిపోతుంది అంతే. ప్రణాళిక అంటే ముందు ఈ లెక్క రాయడం. రాత్రి ఎవరు లేస్తారు, మందులు ఎవరు తెస్తారు, ఆదివారం ఎవరు వచ్చి కూర్చుంటే ఆమె బయటికి వెళ్లగలదు. బెంగళూరులో ఉన్న తమ్ముడు నెలకి ఎంత పంపుతాడు, ఏడాదికి ఎన్ని రోజులు వచ్చి ఉంటాడు. పేర్లతో, తేదీలతో రాయండి.

విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువుని బుద్ధుడు చూసినప్పుడు, ఆనందుడి చేత నీళ్లు తెప్పించి, తాను నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తల వైపు ఒకరు, కాళ్ల వైపు ఒకరు పట్టి మంచం మీద పడుకోబెట్టారు. రోగిని చూసుకునేవాడికి ఉండాల్సిన గుణాల్లో మలమూత్రాలకి, వాంతికి అసహ్యపడకపోవడం ఒకటని చెప్పారు. మన సమాజం ఈ పనిని కొన్ని కులాల మీద తోసేసింది. ఇప్పుడు నెలజీతానికి ఆయాని పెట్టి, ఆమెకి వేరే గ్లాసు పెడుతున్న ఇళ్లు నేను చూశాను, జైభీమ్ అనే ఇళ్లలో కూడా. సిగాలోవాదంలోనే పనిచేసేవారి పట్ల యజమాని చేయాల్సినవి ఉన్నాయి: శక్తికి తగ్గ పని, తిండి, జీతం, జబ్బు చేస్తే వైద్యం, ఇంట్లో రుచికరమైనది వండితే అందులో వాటా, వేళకి సెలవు. ఆయాని పెట్టుకునే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఇది ఒకసారి చదవండి.

డబ్బు విషయంలో ఒక్క మాట. మన తొట్లకొండ ఎక్కినవాళ్లు రాతిలో తొలిచిన ఆ నీటి తొట్లు చూసే ఉంటారు, కొండకి పేరే వాటివల్ల వచ్చింది. అక్కడి భిక్షువులు దాహం వేశాక రాయి తొలచలేదు. డైపర్లు, మందులు, ఆయా జీతం ఏళ్ల తరబడి ఉండే ఖర్చు. నెలకి ఎంత అవుతుందో ఇప్పుడే కూడి చూడండి. రాష్ట్రంలో వృద్ధాప్య పెన్షన్ 2024 జులై నుంచి నెలకి 4,000 రూపాయలు. పూర్తిగా మంచానపడ్డవారికి ఎక్కువ మొత్తం ఇచ్చే వర్గం వేరే ఉంది, అర్హత సచివాలయంలో అడగండి. వృద్ధుల సమస్య ఏదైనా 14567 అనే ఎల్డర్‌లైన్‌కి చెప్పొచ్చు.

చివరి దశలో మాట పోతుంది, నడక పోతుంది, మింగడం కష్టమవుతుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. అప్పుడు ముక్కులోంచి గొట్టం వేయాలా అన్న ప్రశ్న వస్తుంది. ముదిరిన డిమెన్షియాలో గొట్టం వల్ల ఆయుష్షు పెరుగుతుందని గాని, న్యుమోనియా రాకుండా ఆగుతుందని గాని రుజువు లేదు. ఓపిగ్గా కూర్చోబెట్టి, చెంచాతో మెత్తటి అన్నం కొంచెం కొంచెంగా పెట్టడమే మేలని వృద్ధుల వైద్య నిపుణులు చెబుతున్నారు. అలా పెట్టినంత తిని, తిననంటే ఆపడం ఆకలికి చంపడం కాదు. ఇది ముందే ఇంట్లో మాట్లాడుకోకపోతే ఆ రాత్రి ఆసుపత్రిలో అన్నదమ్ములు కొట్టుకుంటారు.

కోలుకునే ఆశ లేని స్థితిలో కృత్రిమ చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కుని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేస్తే చాలు. నా తరఫున నిర్ణయం చెప్పేవారు వీళ్లు అని పేర్లు కూడా అందులో రాయాలి. అయితే ఇది తెలివి ఉన్న మనిషి తనకు తాను రాసుకునేది. కొడుకు తండ్రి తరఫున రాయడానికి లేదు. అందుకే ఇదీ మొదటి దశ పనే.

ఈ కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టండి. డాక్టరు చీటీలు, ఆధార్ నకలు, వాడే మందుల పేర్లు, ఆయన మాటల్లో రాసుకున్న కాగితం, దానితోపాటు ఆయనకి ఇష్టమైనవి ఏమిటో ఒక పేజీ: ఏ పాట వింటే నెమ్మదిస్తాడు, టీలో చక్కెర ఎంత, ఏ పేరుతో పిలిస్తే పలుకుతాడు. ఆ పేజీ ఆయాకి, డ్యూటీ నర్సుకి అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. ఫైలు బీరువాలో పెట్టి తాళం వేయకండి. ఎక్కడుందో పక్కింటివాళ్లకి కూడా తెలిసి ఉండాలి.