బస్సు రాని రోజు

చదవండి

నెల్లూరు జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో పడతాయి. పెన్న ఏరు కర్ణాటకలో నంది కొండల దగ్గర పుడుతుంది. రాయలసీమ మీదుగా మన జిల్లాకు వస్తుంది. ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అందుకే మన ఊళ్లో చినుకు లేకపోయినా, పైన వాన కురిస్తే ఇక్కడ ఏరు పొంగుతుంది.

2021 నవంబరులో అదే జరిగింది. సోమశిల జలాశయం నిండింది. నీళ్లు కిందికి వదిలారు. పెన్న పొంగింది. 20, 21 తేదీల్లో కోవూరు వైపు జాతీయ రహదారి దెబ్బతింది. బస్సులు ఆగిపోయాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీద నీళ్లు పారాయి. చాలా రైళ్లు రద్దయ్యాయి.

అలాంటి రోజున బిడ్డ దారిలో ఉంటే తల్లి ఏం చేయాలి? ఒక ఇంటి సంగతి అనుకుందాం.

మైపాడు దగ్గర ఒక పల్లె. ఇంట్లో తల్లి, నాయనమ్మ, అయిదేళ్ల పిల్లవాడు ఉన్నారు. తండ్రి చేపల బుట్టలతో నెల్లూరు పోయాడు. పెద్దబిడ్డ కావలిలో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఆ శనివారం రైల్లో ఇంటికి రావాలి.

సాయంత్రం 4 గంటలకు ఫోను మోగింది.

"అమ్మా, రైలు లేదంట. లారీ ఆయన ఒకాయన ఎక్కించుకుంటానంటున్నాడు. నేనూ ఎక్కేదా?"

నాయనమ్మ పక్కనే ఉంది. "ఆడబిడ్డ! రాత్రికి ఆడ ఎట్టుంటది? ఎట్నో ఒకట్ల రమ్మను" అంది.

తల్లి గుండె దడదడలాడింది. అయినా తొందరపడలేదు.

"లారీ ఎక్కబాక బిడ్డా. స్టేషన్లో ఆడోళ్ల పక్కన కూర్చో. నేను కనుక్కొని చెప్తా" అంది.

ఆమె నోటు పుస్తకం తీసింది. అందులో తన చేత్తో రాసుకున్న నెంబర్లు ఉన్నాయి. ముందు 139కి ఫోను చేసింది. అది రైళ్ల సమాచారం చెప్పే నెంబరు. రైలు రద్దయిన మాట నిజమే. తరువాత హాస్టల్ వార్డెన్‌కు చేసింది. "పంపించండమ్మా, అన్నం పెట్టిస్తా" అంది వార్డెన్. బిడ్డ తోటి పిల్లలతో కలిసి, వెలుగుండగానే హాస్టల్‌కు చేరింది. చేరగానే ఫోను చేసింది.

ఇంతలో తండ్రి ఫోను. "దారి మీద నీళ్లు పారతా ఉండాయి. మోకాళ్ల లోతే. దాటి వచ్చేస్తా."

"రాబాకయ్యా. ఆడనే ఉండు. చేపలు పోతే పోనీ, మళ్లీ తెచ్చుకుంటాం."

ఆ రోజు చేపల డబ్బు పోయింది. మనుషులు నిలిచారు. దారి బాగయ్యాక బిడ్డ ఇంటికి వచ్చింది. నాయనమ్మ బిడ్డ తల నిమిరి, కోడలితో, "నీ మాటే మేలయిందే" అంది.

తెలుసుకోండి

1. మోకాలి లోతు నీళ్లే కదా అనుకోకూడదు. పారే నీళ్లు మనిషిని పడదోస్తాయి. రెండడుగుల పారే నీళ్లు కారును కూడా లాక్కుపోగలవు. నీటి కింద రోడ్డు తెగిందో లేదో పైకి కనబడదు.

2. రైలు రద్దయితే రిజర్వేషన్ టికెట్ డబ్బు మొత్తం తిరిగి వస్తుంది. టికెట్ పారేయకూడదు. రైలు 3 గంటలకు మించి ఆలస్యమై, మనం ప్రయాణం మానుకున్నా డబ్బు వస్తుంది. అయితే ఆ రైలు కదిలేలోపే టికెట్ తిరిగి ఇవ్వాలి.

3. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి చార్జీ లేదు. గుర్తింపు కార్డు చూపించి, సున్నా టికెట్ తీసుకోవాలి. అందుకే కార్డు సంచిలో ఉండాలి.

4. ఈ నెంబర్లు గోడ మీద రాసుకోండి: ఆపదలో 112. అంబులెన్సు 108. పిల్లలకు సాయం 1098. ఆడవారికి సాయం 181.

లెక్క చేయండి

రైల్వే వాళ్లు 24 గంటల లెక్కలో సమయం రాస్తారు. 12 దాటిన అంకెలోంచి 12 తీసేయాలి. 17:40 అంటే సాయంత్రం 5 గంటల 40 నిమిషాలు.

ఆ రైలు 2 గంటల 35 నిమిషాలు ఆలస్యమైతే ఎన్నింటికి వస్తుంది? బోర్డు మీద ఎట్లా రాస్తారు?

మాట్లాడుకోండి

1. తల్లి ముందుగా 139కి ఎందుకు ఫోను చేసింది?

2. నాయనమ్మ భయం తప్పా? ఆ భయాన్ని తల్లి ఎట్లా తీర్చింది?

3. మీ బిడ్డ చదివే చోట పెద్దల ఫోను నెంబరు మీ దగ్గర ఉందా? లేకుంటే రేపే అడిగి, మీ చేత్తో రాసుకోండి.